బెంగళూరులో రెండు చైర్ల క్లినిక్: నిలువు ఆటోక్లేవ్‌తో నెట్టుకురావచ్చా, క్లాస్ బి తప్పదా?

కుడ్లు గేట్ డెంటల్

అందరికీ నమస్కారం. మాది రెండు చైర్ల క్లినిక్. పేషెంట్లలో సగానికి పైగా మనవాళ్లే, ఐటీ ఉద్యోగులు. అందుకని పగలంతా ఖాళీ, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఊపిరాడదు. ఉన్న సరంజామా: కుక్కర్ మీది బరువు లాంటి వెయిట్ వాల్వ్ ఉన్న నిలువు ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే మెషీన్), పౌచ్ (సామాను పెట్టే కాగితం-ప్లాస్టిక్ సంచి) సీలర్, సామాను కడిగే చిన్న అల్ట్రాసోనిక్, మూడు ఎయిరోటర్లు (గాలితో తిరిగే డ్రిల్లులు). ఇక్కడ చాలాచోట్ల నడిచే పద్ధతే మా దగ్గరా నడుస్తోంది. పేషెంట్ మారినప్పుడు ఎయిరోటర్‌ని స్పిరిట్ దూదితో తుడవడం, రాత్రికి అన్నీ కలిపి 15 పీఎస్‌ఐ దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేయడం. ప్యాకెట్ల మీది ఇండికేటర్ టేప్ గీతలు నల్లబడుతున్నాయి.

నా సందేహాలు ఇవి. ఈ మెషీన్ చాలా, లేక వాక్యూమ్ పంపు ఉండే క్లాస్ బి ఆటోక్లేవ్ కొనాల్సిందేనా? ఎయిరోటర్లు ఎన్ని ఉండాలి? చైర్ బాటిల్‌లో, ఆటోక్లేవ్‌లో ఆర్‌ఓ నీళ్లు పోయవచ్చా? మాకు వచ్చేది ట్యాంకర్ నీళ్లు. వాటర్ లైన్ శుభ్రం చేసే పద్ధతి కూడా ఎవరైనా వివరంగా చెప్తే బాగుంటుంది.

ఆవిరి సర్వీస్

డాక్టర్ గారూ, మెషీన్ల సంగతి నేను చెప్తాను. మిగతాది మీవాళ్లు చెప్తారు.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. గేజ్ చూపించేది బయటి గాలి కంటే లోపల ఎంత ఒత్తిడి ఎక్కువుందో అంతే. అందుకే చెన్నైలో 15 పీఎస్‌ఐకి 121 డిగ్రీలు వచ్చే మెషీన్, ఇక్కడ అదే 15 దగ్గర 119 చిల్లరలో ఆగిపోతుంది. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే అర పీఎస్‌ఐ కలపాలన్నది లెక్క. అంటే మన ఊళ్లో పదహారున్నర కావాలి. మీ వెయిట్ 15కే లేచిపోతుంటే ఎంతసేపు ఉంచినా 121 రాదు. సెట్ చేసుకునే స్ప్రింగ్ వాల్వ్ అయితే కంపెనీ మనిషి చేత పెంచించండి. వెయిట్ మీద ఇంకేదో బరువు పెట్టడం, సేఫ్టీ వాల్వ్‌ని కదపడం మాత్రం వద్దు. థర్మామీటర్ ఉన్న మోడల్ అయితే గేజ్ వదిలేసి డిగ్రీలు చూసి టైమ్ లెక్కపెట్టండి.

అంతకన్నా పెద్ద తేడా గాలి దగ్గర వస్తుంది. మూత బిగించగానే వెయిట్ వేసేస్తే లోపలి గాలి ఎటూ పోదు. గాలి సగం మిగిలిపోయిందంటే, గేజ్ మీద 15 నిక్కచ్చిగా కనిపిస్తున్నా లోపల ఉండేది 112 డిగ్రీలే. అసలేమీ పోకపోతే నూరు. కాబట్టి ఆవిరి విడతలు విడతలుగా కాకుండా ఆగకుండా బలంగా తన్నుకొచ్చేదాకా, ఆ తర్వాత ఇంకో ఐదు పది నిమిషాలు వెంట్ తెరిచే ఉంచాలి. టైమర్ మొదలయ్యేది ఉష్ణోగ్రత అందాకే. పౌచ్‌లో పెట్టినవాటికి 121 దగ్గర 30 నిమిషాలు. 15, 20 నిమిషాల లెక్క పౌచ్ లేకుండా విడిగా పెట్టిన వాటికి. వాటిని తీసిన వెంటనే వాడాలి, డ్రాయర్‌లో దాచడానికి పనికిరావు.

నిలువు మెషీన్‌లో ఎండబెట్టే ఏర్పాటు ఉండదు కాబట్టి పౌచ్‌లు తడిగా వస్తాయి. కాగితం తడిసిందంటే బయటి క్రిములు ఆ తడిలోంచే లోపలికి దిగుతాయి. తడి పౌచ్‌ని ఫ్యాన్ కింద ఆరబెట్టి లోపల సర్దేవాళ్లను చూస్తుంటాం. ఆ పౌచ్‌ని చింపేసిన దానికింద లెక్కేసి మళ్లీ ప్యాక్ చేయాలి.

ఇక క్లాస్ బి. ఎయిరోటర్ లోపల గాలికో గొట్టం, నీళ్లకో గొట్టం, వాటి మధ్య టర్బైన్, బేరింగులు. ఆ సన్నటి దారుల్లో గాలి చిక్కుకుంటే ఆవిరి చేరదు. క్లాస్ బి మెషీన్ వాక్యూమ్ పంపుతో గాలి లాగి, ఆవిరి నింపి, మళ్లీ లాగి, అలా మూడు నాలుగు సార్లు చేశాకే అసలు సైకిల్‌లోకి వెళ్తుంది. 134 డిగ్రీల దగ్గర మూడున్నర నాలుగు నిమిషాలు, ఎండబెట్టడంతో కలిపి మొత్తం 40 నుంచి 50 నిమిషాలు. ఎయిరోటర్లు వాడే క్లినిక్‌కి నా ఓటు దీనికే. నిలువుది అమ్మేయకండి. మెషీన్ రిపేర్‌కి వెళ్లిన రోజు ఫోర్సెప్స్, మిర్రర్ల లాంటి గట్టి సామానుకి పనికొస్తుంది.

స్టిక్కర్ చూసి కొనకండి. డెమోకి వచ్చినవాళ్లను హెలిక్స్ టెస్ట్ చేసి చూపించమనండి. మీటరున్నర పొడవు, రెండు మిల్లీమీటర్ల బోలు ఉన్న ట్యూబ్ చుట్ట, దాని కొసన చిన్న క్యాప్సూల్‌లో రంగు మారే స్ట్రిప్. స్ట్రిప్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే రంగులోకి మారాలి. కొంత లేతగా మిగిలితే గాలి మిగిలినట్టే. కొన్నాక రోజూ పొద్దున మొదటి సైకిల్‌గా ఇదే పెట్టండి. వారానికోసారి ఖాళీ మెషీన్ చల్లగా ఉన్నప్పుడు వాక్యూమ్ టెస్ట్. లీక్ నిమిషానికి 1.3 మిల్లీబార్లు దాటకూడదు. ఫెయిలైతే పంపు పోయిందని ఎవరో అనేలోపు డోర్ గ్యాస్కెట్ తడిబట్టతో తుడిచి మళ్లీ పెట్టి చూడండి. ఒక్క దూది పోగు అంటుకున్నా ఫెయిలవుతుంది.

నీళ్లు: డిస్టిల్డ్ మాత్రమే. ఆర్‌ఓ నీళ్ల టీడీఎస్ (కరిగిన ఉప్పుల కొలత) 50 వచ్చిందని మురిసిపోతారు గానీ ఆవిరి మెషీన్‌కి కావాల్సింది వాహకత (కరిగిన ఉప్పుని కరెంటుతో కొలిచే లెక్క) 15 మైక్రోసీమెన్స్‌ లోపు నీళ్లు. ఉప్పు పేరుకుంటే సొలెనాయిడ్ వాల్వ్ పూర్తిగా మూసుకోదు, సైకిల్ మధ్యలో ఎర్రర్ కొడుతుంది, సామాను మీద తెల్ల మచ్చలు పడతాయి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పోసే తెలివి కూడా ఊళ్లో ఉంది. కాయిల్ మీది దుమ్ము, బూజు అన్నీ అందులోనే ఉంటాయి.

కరెంటు పోయి సైకిల్ ఆగితే ఆ లోడ్ మళ్లీ మొదటి నుంచి. మిగిలిన నిమిషాలు కలపడం అనేది ఉండదు.

స్టెరి రూమ్

పై వివరం బాగుంది. ఎయిరోటర్ల లెక్క నేను వేస్తాను. రెండు చైర్లు, మూడు గంటలు, ఒక్కో చైర్‌లో గంటకిద్దరు, అంటే 12 మంది. అందులో ఎయిరోటర్ పట్టాల్సింది ఎనిమిది మందికి అనుకుందాం. కడిగి, నూనె కొట్టి, పౌచ్ చేయడానికి 10 నిమిషాలు, సైకిల్ 45, చల్లారడానికి 15. లోడ్ నిండేదాకా ఆగేది కూడా కలిపితే గంటన్నర. అంటే ఆ మూడు గంటల్లో ఒక ఎయిరోటర్ ఇద్దరికి మించి అందదు. ఎనిమిది మందికి నాలుగు, ఎప్పుడూ ఒకటి రిపేర్‌లో ఉంటుంది కాబట్టి ఐదు. మైక్రోమోటర్ హ్యాండ్‌పీస్‌లు, పాచి తీసే స్కేలర్ టిప్‌లు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. చాలామంది వాటిని మర్చిపోతారు.

స్పిరిట్ దూది గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. ఎయిరోటర్ ఆగిన క్షణంలో తల దగ్గర నుంచి లాలాజలం, రక్తం వెనక్కి పీల్చుకుపోతాయి. దూది తుడిచేది బయటి గొట్టాన్ని. పైగా స్పిరిట్ తగిలితే రక్తంలోని ప్రోటీన్ గడ్డకట్టి అక్కడే అతుక్కుంటుంది.

పద్ధతి ఇదీ. పేషెంట్ లేవగానే, బర్ (డ్రిల్లు మొన) తీయకముందే, సక్షన్‌లోకి పెట్టి 20 నుంచి 30 సెకన్లు నీళ్లూ గాలీ వదలండి. తర్వాత బర్ తీసి, బయట తడి గుడ్డతో తుడవండి. అల్ట్రాసోనిక్‌లో ముంచకండి, బేరింగులు పోతాయి. సరైన నాజిల్‌తో గాలి గొట్టంలోకి నూనె స్ప్రే చేయండి. తల దగ్గర టిష్యూ పెట్టి చూస్తే మొదట నల్లగా వస్తుంది, శుభ్రంగా వచ్చేదాకా కొట్టాలి. ఆ తర్వాత ఎక్కువైన నూనెని గాలితో ఊదేయాలి. ఈ మెట్టు వదిలేస్తే 134 డిగ్రీల్లో నూనె మాడి బేరింగులో జిగురులా పట్టేస్తుంది. ఆటోక్లేవ్ వల్ల ఎయిరోటర్లు పాడవుతున్నాయి అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడే. నూనె మోతాదు, ఉష్ణోగ్రత మీ మోడల్ కాగితంలో ఉన్నదే పాటించండి.

మామూలు సామానుకి: సిమెంట్ గట్టిపడకముందే చైర్ దగ్గరే తుడిచేయాలి. ఆరిన జింక్ ఆక్సైడ్‌ని ఏ అల్ట్రాసోనికూ ఒలవలేదు. ఎంజైమ్ ద్రావణం గోరువెచ్చగా, 40 డిగ్రీల లోపే ఉండాలి. వేడి ఎక్కువైతే రక్తం ఉడికి పట్టేస్తుంది. అల్ట్రాసోనిక్‌లో కొత్త నీళ్లు పోశాక ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి, అందులోని గాలి బుడగలు పోనిచ్చి, తర్వాత సామాను. మెషీన్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కని 20 సెకన్లు నిలువుగా ముంచి వెలుతురుకి ఎత్తి చూడండి. అంతటా సమానంగా చిన్న చిన్న గుంటలు పడాలి. ఒక పక్క నున్నగా మిగిలితే ఆ పక్కన ట్రాన్స్‌డ్యూసర్ (కంపనాలు పుట్టించే భాగం) చచ్చిపోయింది.

పౌచ్‌లో ఫోర్సెప్స్, కత్తెర నోరు తెరిచి పెట్టండి. పౌచ్‌లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టండి. తేదీ, సైకిల్ నంబర్ సీల్ అవతలి అంచున, ప్లాస్టిక్ వైపు రాయండి. కాగితం మీద పెన్నుతో రాస్తే సిరా ఊరుతుంది, మొన గుచ్చుకుంటుంది.

టేప్ నల్లబడితే ఆ ప్యాకెట్ వేడి మెషీన్‌లోకి వెళ్లొచ్చిందని తెలుస్తుంది, అంతే. లోపల టైప్ 5 స్ట్రిప్ (వేడి, సమయం, ఆవిరి మూడూ అందాయో లేదో రంగుతో చూపేది) ఒకటి, ఆవిరి చేరడం కష్టమైన చోట పెట్టండి. అసలు పరీక్ష వారానికోసారి స్పోర్ వయల్‌తో (వేడికి సులువుగా చావని క్రిమి బీజాలున్న చిన్న సీసా). జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ ఉన్నది అడగండి. లోడ్ మధ్యలో ఒకటి పెట్టి, అదే బ్యాచ్‌లోది ఆటోక్లేవ్ చేయని ఇంకోటి పక్కన పెట్టి, రెండూ 55 నుంచి 60 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. ఆటోక్లేవ్ చేసింది ఊదారంగులోనే ఉండాలి, చేయనిది పసుపు కావాలి. చేయనిది కూడా ఊదాగానే ఉంటే వయల్స్ చచ్చినవి, ఆ వారం మీరు పరీక్షే చేయనట్టు. ఫెయిలైతే పోయినసారి పాసైనప్పటి నుంచి చేసిన సామాను మొత్తం వెనక్కి తీసి మళ్లీ చేయాలి. సైకిల్ నంబర్ రాయమన్నది అందుకే.

పాత కుర్చీ

అంతా బాగానే ఉంది గానీ తమ్ముళ్లూ, కొత్తగా పెట్టినవాడికి ఈ ఖర్చు ఎక్కడ తట్టుకుంటుంది? రద్దీలో సామాను ముంచడానికి 2 శాతం గ్లూటరాల్డిహైడ్ (క్రిమిసంహారక మందు) ట్రే చాలదా? రూట్ కెనాల్ ఫైల్స్‌కి గ్లాస్ బీడ్ (వేడి గాజు పూసల్లో గుచ్చే పెట్టె) ఉండనే ఉంది కదా.

స్టెరి రూమ్

సర్, గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు పెడితే అయ్యేది హై లెవెల్ డిసిన్ఫెక్షన్. స్పోర్లు చావాలంటే 10 గంటలు మునగాలి, ఆపైన స్టెరైల్ నీళ్లతో కడగాలి. పౌచ్‌లో పెట్టే వీలులేదు కాబట్టి తీసిన మరుక్షణం నుంచి మళ్లీ గాలి తగులుతుంది. సరిగ్గా అయ్యిందో లేదో స్పోర్ పరీక్షతో చూసుకునే దారీ లేదు. ద్రావణం యాక్టివేట్ చేసిన తేదీ ట్రే మీద రాసి ఉన్న క్లినిక్కులు ఎన్నో మీకే తెలుసు. వేడికి తట్టుకునే సామానుని అందులో ముంచే అవసరమే లేదు.

గ్లాస్ బీడ్‌లో మధ్యన ఒక వేడి, అంచున ఒక వేడి. ఫైల్ కొస కాలుతుంది, పిడి కాలదు. అమెరికాలో దాన్ని స్టెరిలైజర్‌గా అంగీకరించడం మానేశారు. ఖర్చు తగ్గించుకోవాలంటే రెండో చైర్‌ని ఆర్నెల్లు వాయిదా వేయడం నయం.

నీటి చుక్క

వాటర్ లైన్ అడిగారు కాబట్టి. చైర్ ట్యూబ్ బోలు రెండు మిల్లీమీటర్లు. మధ్యలో నీళ్లు పారుతున్నా గోడ దగ్గర దాదాపు కదలవు. రాత్రంతా నిలవుంటాయి. ఆ గోడ మీద బయోఫిల్మ్ (క్రిముల జిగట పొర) కడుతుంది. మంచి నీళ్లే పోసినా కడుతుంది. పొద్దున రెండు నిమిషాలు వదిలితే తేలుతూ ఉన్నవి పోతాయి గానీ పొర పోదు. కాబట్టి ఫ్లషింగూ చేయాలి, మందూ వాడాలి.

ట్యాంక్ కనెక్షన్ తీసేసి విడి బాటిల్ పెట్టుకోండి. ఆర్‌ఓ నీళ్లు మరిగించి చల్లార్చి పోయండి, లేదా డిస్టిల్డ్. ఆర్‌ఓ మెషీన్ స్టోరేజ్ ట్యాంకే క్రిముల పుట్ట కావచ్చు, నేరుగా నమ్మొద్దు. రోజూ వాడే ట్యాబ్లెట్ లేదా ద్రావణం, ఆపైన చైర్ కంపెనీ చెప్పిన వ్యవధిలో షాక్ ట్రీట్‌మెంట్ (గాఢమైన మందుతో లైన్ మొత్తం కడగడం). మీ ఇష్టమొచ్చిన గాఢతలో హైపోక్లోరైట్ పోస్తే లోపలి లోహపు భాగాలు, ఓ-రింగులు తినేస్తుంది. రాత్రి బాటిల్ విప్పి, ట్యూబ్‌లో నీళ్లు గాలితో ఊదేసి, బాటిల్ బోర్లించి ఆరబెట్టండి. మూత లోపలి వైపు చేత్తో ముట్టుకోకండి.

మామూలు పనులకి మిల్లీలీటరుకి 500 సీఎఫ్‌యూ (బతికున్న క్రిముల లెక్క) లోపు ఉండాలన్నది అమెరికా సీడీసీ పరిమితి. మూణ్ణెల్లకోసారి పరీక్ష చేయించండి. ల్యాబ్‌ని ముందే అడగండి: క్రిముల్ని పెంచే ఆర్‌2ఏ మీడియా మీద, తక్కువ ఉష్ణోగ్రతలో, వారం దాకా ఉంచుతారా అని. మామూలుగా 37 డిగ్రీల్లో రెండు రోజులు పెట్టి సున్నా అని ఇచ్చే రిపోర్ట్ మీ చైర్ నీళ్లకి సరిపడదు, ఈ క్రిములు చల్లదనంలో నెమ్మదిగా పెరిగే రకం. క్లోరిన్ మందు వాడుతుంటే దాన్ని విరిచే థయోసల్ఫేట్ వేసిన సీసా ఇమ్మనండి.

ఇది పుస్తకాల భయం కాదు. 2011లో ఇటలీలో 82 ఏళ్ల ఆవిడ డెంటల్ చైర్ నీళ్ల నుంచి వచ్చిన లీజియోనెల్లా అనే క్రిమితో చనిపోయారు. 2016లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో పల్పాటమీ (పంటి లోపలి నరం కొంత తీసే చికిత్స) చేయించుకున్న చిన్నపిల్లల దవడలకి చైర్ నీళ్ల నుంచే మైకోబాక్టీరియం అబ్సెసస్ అనే క్రిమి పట్టింది.

ఎముక కనబడే పని ఏదైనా, అంటే విజ్డమ్ టూత్ సర్జరీ, ఇంప్లాంట్, చిగుళ్లు తెరిచే ఫ్లాప్ సర్జరీ, చైర్ నీళ్లు వద్దే వద్దు. స్టెరైల్ సెలైన్ వాడాలి. కానీ సెలైన్ అనగానే ధీమా పడకండి. మీకూ చెన్నైకీ మధ్య దారిలోనే వాణియంబాడి ఉంది. 2022, 2023ల్లో తమిళనాడు ఉత్తర జిల్లాల్లో మెదడుకి పాకిన మెలియాయిడోసిస్ (ఒక బాక్టీరియా జబ్బు) కేసులు 21 బయటపడితే, వాటిలో పది మంది అక్కడి ఒకే డెంటల్ క్లినిక్‌కి వెళ్లినవాళ్లు. ఆ పది మందిలో ఎనిమిది మంది పోయారు. విచారణలో తేలిందేమిటంటే, సెలైన్ సీసాని చిగుళ్లు లేపే పెరియాస్టియల్ ఎలివేటర్‌తో తెరిచి, వాడి, మూత వదులుగా పెట్టి, అదే సీసాని తర్వాతి పేషెంట్లకి వాడారు. ఆ సెలైన్‌లో మట్టిలో, నీళ్లలో ఉండే బర్ఖోల్డేరియా సూడోమాలై చేరింది.

500 మిల్లీలీటర్ల సీసాకి సూది గుచ్చి, సూది అలాగే వదిలేసి, రోజంతా సిరంజితో లాగడం మన క్లినిక్కుల్లో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల సీసాలు కొనండి. ఒక పేషెంట్‌కి ఒకటి. స్టెరైల్ గిన్నెలోకి పోసి అక్కడి నుంచి సిరంజితో తీసుకోండి. మిగిలింది పేషెంట్ లేవకముందే అసిస్టెంట్ సింక్‌లో పారబోయాలి. దాచడానికి ఏమీ మిగలకపోతే ఎవరూ దాచరు.

కుడ్లు గేట్ డెంటల్

అందరికీ చాలా థాంక్స్ అండి. పొద్దున్నే వాల్వ్ చూశాను, 15కే లేస్తోంది. సెలైన్ 100 మిల్లీలీటర్లవి ఆర్డర్ పెట్టేశాను. ఇంకో రెండు చిన్న ప్రశ్నలు. సూది గుచ్చుకుంటే మొదటి గంటలో ఏం చేయాలి? పీకిన పళ్లు ఏ కవర్‌లో వేయాలి? మా అసిస్టెంట్లు తలా ఒక మాట చెప్తున్నారు.

వార్డ్ నంబర్ ఏడు

ఆసుపత్రి ఇన్ఫెక్షన్ కంట్రోల్ వైపు నుంచి చెప్తున్నాను.

సూది గుచ్చుకున్న చోట సబ్బు, పారే నీళ్లతో కడగాలి. పిండి రక్తం తీయడం, స్పిరిట్, బ్లీచ్ పోయడం వద్దు. కంట్లో చిందితే నీళ్లతో లేదా సెలైన్‌తో బాగా కడగాలి. ఆ సూది వాడిన పేషెంట్‌ని పంపేయకుండా ఒప్పించి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలకి రక్తం తీయించండి. హెచ్‌ఐవీ మందు వీలైతే రెండు గంటల్లోపు మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు, మొదలుపెడితే 28 రోజులు. బౌరింగ్, విక్టోరియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో ఇస్తారు. 1097కి ఫోన్ చేస్తే దగ్గర్లోది చెప్తారు. ఆ నంబర్ స్టెరి రూమ్ గోడకి అంటించండి.

అంతకంటే ముందు చేయాల్సింది: అసిస్టెంట్లతో సహా అందరికీ హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలల్లో. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి యాంటీ-హెచ్‌బీఎస్ (టీకా పట్టిందో లేదో చూపే) పరీక్ష. 10 దాటాలి. టీకా వేయించి పరీక్ష వదిలేసేవాళ్లే ఎక్కువ. డెంటల్ సిరంజికి మళ్లీ క్యాప్ పెట్టక తప్పదు కాబట్టి ఒంటి చేత్తోనే. క్యాప్ ట్రేలో పడుకోబెట్టి సూదితో ఎత్తుకోవాలి, రెండో చెయ్యి వీపు వెనక ఉన్నా తప్పులేదు.

పళ్లు, రక్తం అంటిన దూది, గాజ్ (బ్యాండేజీ) గుడ్డ పసుపు కవర్‌లో. అమాల్గమ్ (పాదరసం కలిసిన ఫిల్లింగ్) నింపిన పన్ను మాత్రం పసుపులో వేయకండి, అది కాల్చే దారి, పాదరసం ఆవిరవుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో విడిగా ఉంచి, తీసుకెళ్లే ఏజెన్సీతో ముందే మాట్లాడుకోండి. గ్లవ్స్, సక్షన్ టిప్‌లు ఎరుపు. సూదులు, బ్లేడ్లు, విరిగిన ఫైల్స్, బర్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. అనస్థీషియా గాజు కార్ట్రిడ్జ్‌లు నీలం. పళ్లు, రక్తం అంటిన చెత్త ఉన్న పసుపు కవర్లని 48 గంటలు దాటి ఉంచకూడదు. పడకలు లేని క్లినిక్‌కి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఒక్కసారి తీసుకుంటే చాలు, కానీ వార్షిక నివేదిక ఏటా జూన్ 30 లోపు పంపాలి. ఇన్‌స్పెక్షన్‌లో ముందు అడిగేది అదే.

అడగలేదు గానీ ఇంకోటి. సెలైవా ఎజెక్టర్ (ఉమ్మి లాగే గొట్టం) నోట్లో ఉండగా పేషెంట్‌ని పెదాలు మూయమని చెప్పకండి. మూసి పీల్చారంటే నోట్లో ఒత్తిడి తగ్గి, గొట్టంలో ఉన్నది, అంటే ముందు పేషెంట్ ఉమ్మి, వెనక్కి నోట్లోకి వచ్చే వీలుంది. ఉమ్మడానికి స్పిట్టూన్ వైపు తిప్పండి, లేదా హై వాల్యూమ్ సక్షన్ వాడండి. రోజు చివర సక్షన్ గొట్టాల్లోకి నురగ రాని క్లీనర్ ఒక లీటరు లాగించండి. నురగ వచ్చే ఫినాయిల్, డిటర్జెంట్ పోస్తే మోటర్ మింగేస్తుంది.

ఆవిరి సర్వీస్

వాల్వ్ సెట్ చేయించాక గేజ్‌ని కూడా ఒకసారి కాలిబ్రేట్ చేయించండి డాక్టర్ గారూ. పాత గేజ్‌ల ముల్లు మెషీన్ ఆపేసినా సున్నాకి రాకుండా ఒకటి రెండు పీఎస్‌ఐ మీదే నిలబడిపోతుంది. మీదీ అలాగే ఉంటే 15 దగ్గర లేస్తోందని మీకు కనిపించేది నిజానికి 13 కావచ్చు.